ఆపరేషన్ స్టెప్నీ

"కూసో భోజన్నా. నడుమెట్లున్నది?"

"నిలవడితే నొస్తది బాయీ. కూసుంటే ఇంకా నొస్తది."

"గట్లయితే నిలవడే విను. జల్ది అయిపోతది."

నాందేడ్‌లో సుమిత్రాబాయి కుట్టు శిక్షణ కేంద్రం ఎక్కడుందో ఊళ్లో సగం మంది ఆడవాళ్లకు తెలుసు. కింది అంతస్తులో పొద్దస్తమానం మిషన్లు గరగరలాడుతుంటాయి. పై అంతస్తులో గూఢచారి శాఖవారి సరిహద్దు డెస్క్ ఉందన్న సంగతి మాత్రం ఢిల్లీలో కూడా ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరిలో ఒకాయన ఎప్పుడో రిటైరయ్యాడు. రెండో ఆయనకు మతిమరుపు. అందువల్ల ఆ డెస్క్ కూలర్‌లో గడ్డి మారక చాలా వేసవులైంది.

2004, మే నెల. గోడలు కూడా చెమట పట్టే మధ్యాహ్నం. డెస్క్ చీఫ్ సుమిత్రాబాయి మెడలో కొలత టేపుతో, బల్లమీద నల్లటి లైనింగ్ గుడ్డ పరిచి, కుట్టు సుద్దతో ఒక వంకర గీత గీసింది. బ్రీఫింగ్ పూర్తయ్యాక ఆ గుడ్డను దులిపితే రహస్యం గాల్లో కలిసిపోతుంది. ఆమెకు కంప్యూటర్ల మీద నమ్మకం లేదు.

"ఇది నాందేడ్. ఇది నాయగావ్. నర్సీ. బిలోలి. ఇగ ఇది మంజీర." గీత చివర సున్నా చుట్టింది. "ఈడ, ఇసుకల, ఎల్లుండి హెలికాప్టర్ దిగుతది."

"ఎవలది?"

"విక్టర్‌ది."

విక్టర్ అసలు పేరు ఏ ఫైల్లోనూ లేదు. దేశాల మధ్య దొంగిలించిన రహస్యాలు అమ్ముకునే ముఠాకు అతను ఇక్కడి మనిషి. సినిమాకు లొకేషన్లు వెతికే నిర్మాతనని చెప్పుకుంటూ నాందేడ్‌లో ఒక హోటల్లో మకాం వేశాడు. ఎర్రటి టూ-సీటర్ స్పోర్ట్స్ కారు ఒకటి తెప్పించుకున్నాడు. రహస్యంగా ఉండాల్సినవాడు ఊరంతా వెంటపడి చూసే కారు ఎందుకు తెచ్చుకున్నాడో భోజన్నకు ఎప్పటికీ అర్థం కాలేదు. ఈ ఉద్యోగంలో అర్థం కానివాటి గురించి ఆలోచించడం అతను మానేసి కూడా చాలా కాలమైంది.

హైదరాబాద్‌లో ఒక ప్రయోగశాల నుంచి మాయమైన క్షిపణి గైడెన్స్ చిప్ ఇప్పుడు విక్టర్ దగ్గర ఉంది. వేలిగోరంత వస్తువు. ఎక్కడ దాచాడో తెలియదు. ఎల్లుండి దాన్ని తన సెక్రటరీ చేతిలో పెట్టి, కారెక్కించి, తను ముందుగా వేరే దారిన ఇసుక దగ్గరికి వెళ్లిపోతాడు. దారిలో పట్టుబడితే సెక్రటరీ పట్టుబడుతుంది, తను కాదు.

ఆ సెక్రటరీ కోమల్. విక్టర్ జీతం తీసుకుంటూ శాఖకు పనిచేసే డబుల్ ఏజెంట్. ముఖేడ్ పిల్ల. భోజన్నే చేర్చాడు, భోజన్నే తర్ఫీదు ఇచ్చాడు. ఆమె తల్లి నర్సవ్వ, బిడ్డ పౌడర్ల కంపెనీలో పనిచేస్తోందని నమ్మి, నెలకోసారి భోజన్నకు ఫోన్ చేసి, "తమ్మీ, పిల్లకు ఒక సంబంధం సూడరాదు?" అని అడుగుతుంటుంది.

"హెలికాప్టర్ తోలేటోడు ఎవడో ఎరికేనా?" అంది సుమిత్రాబాయి, సుద్ద పక్కన పెట్టి. "పోయినేడు బొంబైల మన ఆఫీసు మెట్ల మీద కోమల్‌ను చూసినోడు. గీ ముచ్చట నాకు నిన్ననే తెలిసింది."

భోజన్న నడుం నొప్పి ఒక్క క్షణం మర్చిపోయాడు. "పిల్లకు ఎరికేనా?"

"ఎట్ల ఎరికైతది? ఫోను గుంజుకున్నరు. మారోతి అని డ్రైవరున్నడు, నీడ లెక్క వెంట ఉంటడు. నడుముల పిస్తోలు."

"మన పోలీసులు?"

"కర్బూజ తోటలల్ల దాసిపెడుతున్న. గని ఆ ఇసుకల ఉరికి అందుకునేదాక ఆ పైలట్ ఊకుంటడా? పిల్ల మొఖం చూసుడు, కాల్చుడు. గందుకే కారు ఇసుక దాక పోవద్దు. దార్ల ఆగాలె."

"రోడ్డు మీద పోలీసు నాకా పెట్టి ఆపితే?"

"మారోతికి ఆర్డరున్నది. ఎవలన్న ఆపితే ముందుగాల పక్క సీటునే కాల్చమని."

కింద ఎవరో మిషన్ ఆపి నవ్వారు. మళ్లీ గరగర మొదలైంది.

"మరెట్ల బాయీ?"

"పంచర్," అంది సుమిత్రాబాయి. "పంచరైతే ఎవలూ అనుమానపడరు భోజన్నా. అది దేవుని పని."

ప్లాన్ సులువే. నాందేడ్ గుంతల్లో పడి ఎర్ర కారు టైర్లు కోసుకుపోయాయి. కొత్తవి వేయించుకోక తప్పదు. దేగ్లూర్ నాకా దగ్గర మార్కండేయ టైర్ల దుకాణంలో వారం రోజులుగా ఒక కొత్త సేల్స్‌మన్ పోస్టు ఖాళీగా ఉంచారు. రేపు అది భోజన్నది. బొంబాయి నుంచి రెండు రకాలు తెప్పించి పెట్టారు. ఒకటి మామూలు టైరు. రెండోది రన్-ఫ్లాట్. రన్-ఫ్లాట్‌కు పక్క గోడలు మందం. గాలి మొత్తం పోయినా కూలబడకుండా, నెమ్మదిగా తోలితే ఎనభై కిలోమీటర్లు లాగేస్తుంది.

"అంటే దానికి పంచరైతే?"

"అయినట్టు గూడ కానరాదు. సక్కగ మంజీర దాక పోతది." సుమిత్రాబాయి కళ్లజోడు తీసి తుడుచుకుంది. "నువ్వు మామూలువే అమ్మాలె. ఏమన్నా చెయ్యి, కాళ్లు మొక్కు. మామూలువే."

తర్వాత బొత్తాల డబ్బాలోంచి ఒక చిన్న నల్లటి మూత, స్కూటర్ తాళం చెవి తీసి ఇచ్చింది. మూత టైరు వాల్వ్‌కు బిగించాలి. తాళం చెవి నొక్కితే మూత తెరుచుకుని గాలి పోతుంది. ల్యాబ్ వాళ్లు రెండొందల మీటర్ల దూరం నుంచి పనిచేస్తుందన్నారట.

"సగం అనుకో," అంది సుమిత్రాబాయి.

"ఒక్క టైరుకేనా?"

"ఒక్కదానికే. నాలుగు ఒక్కపారే పోతే దేవుని పని అనుకోరు. నర్సీ కాడ పంచర్ దుకాణంల మన శివరాజ్ కూసుంటడు. కారు ఆడ ఆగుతది, వాడు సంభాళిస్తడు. ఆపరేషన్ పేరు స్టెప్నీ."

"ఎందుకు?"

"ఏదో ఒక పేరు ఉండాలె కదా. ఫైల్ల ఖాళీ ఉంచితే ఢిల్లోళ్లు ఒప్పుకోరు."

*

మర్నాడు భోజన్న విగ్గు పెట్టుకుని టైర్ల మధ్య నిలబడ్డాడు. మే నెలలో విగ్గంటే తలమీద కుంపటి. కాబూల్‌లో కంబళ్లు అమ్మినవాడు, కొలంబోలో కొబ్బరికాయల బేరం చేసినవాడు, ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు చివర్లో నాందేడ్‌లో రబ్బరు వాసన పీలుస్తూ నిలబడ్డాడు. దేశ రక్షణ అంటే యవ్వనంలో ఇంకేదో అనుకున్నాడు.

ఎర్ర కారు వచ్చి ఆగింది. ఒక టైరుకు ఎక్కడో దొరికిన వేరే సైజు రబ్బరు తగిలించి ఉంది, పట్టుచీరకు గోనెగుడ్డ మాసిక వేసినట్టు. పైకప్పు తీసేసి ఉంది. ముందు మారోతి దిగాడు. నల్లగా, గుండ్రంగా, భుజం మీద తువ్వాలుతో, ఆ కారులోంచి కాక దాని కింద నుంచి రావాల్సిన మనిషిలా ఉన్నాడు. తర్వాత కోమల్ దిగింది. పెద్ద నల్ల కళ్లద్దాలు, తలకు పట్టు స్కార్ఫ్, ఎర్ర గోళ్లు, అంతెత్తు మడమలు. సెంటు వాసన రబ్బరు వాసనను ఓడించింది. పక్క కొట్టు సేఠ్ చేతిలో చాయ్ ఒలికింది.

ముఖేడ్ బడిలో కబడ్డీ ఆడి మోకాళ్లు చెక్కుకుపోయిన పిల్ల ఈమేనంటే ఎవరు నమ్ముతారు, అనుకున్నాడు భోజన్న, కొంచెం గర్వంగా, ఎక్కువ దిగులుగా.

"దూరం పోతున్నరా మ్యాడం?" అన్నాడు.

"బిలోలి దిక్కు," అంది కోమల్.

"బిలోలికా! మా బామ్మర్ది ఆడనే ఉంటడు."

శాఖ కోడ్‌లో బామ్మర్ది అంటే, నీ మొహం తెలిసిన శత్రువు. కోమల్ కళ్లద్దాలు సర్దుకుంది. ఎర్ర గోరు ఒకటి అద్దానికి తగిలి టక్కుమంది. అంతే.

"బామ్మర్దిని అడిగినట్టు చెప్పండ్రి," అంది. "టైర్లు చూపెట్టు భావూ."

భోజన్న రెండు రకాలూ దొర్లించి పక్కపక్కన నిలబెట్టాడు. నడుం కలుక్కుమంది.

"ఇది మామూలుది మ్యాడం. మెత్తగ పోతది. ఈ రోడ్ల మీద మీ నడుము బతుకుతది. స్టీరింగ్ తేలిక. పంచరైతే ఏ ఊళ్లెనన్న అతుకేస్తరు. ఇగ ఇది రన్-ఫ్లాట్. గాలి లేకున్నా నడుస్తది. గని బరువు, గట్టి. గుంతల పడితే పండ్లు కదుల్తయి. పాడైతే విప్పేటానికి ఈ జిల్లాల మిషన్ లేదు, బొంబై పంపాలె. ధర సంగతి అడగకుండ్రి."

ఇందులో ఒక్క అబద్ధం కూడా లేదు. తన ఉద్యోగ జీవితంలో ఇంత నిజాయితీగా మాట్లాడిన ఆపరేషన్ ఇంకోటి లేదని భోజన్నకు అనిపించింది.

మారోతి వంగి రన్-ఫ్లాట్‌ను వేలితో పొడిచాడు. "గాలి లేకుంట టైరు నడుసుడేంది? పీనుగు లేసి నడిచినట్టు! ఇరవై ఏండ్లు ట్రక్కు తోలిన. గాలి లేని బండిని గజం దూరం తోలలె. మామూలువే ఇయ్యి సేఠ్. ఐదు. స్టెప్నీ లేంది బండి ముట్ట."

భోజన్నకు ఆ మనిషిని ముద్దు పెట్టుకోవాలనిపించింది. బిల్లు పుస్తకం అందుకున్నాడు.

"రన్-ఫ్లాట్," అంది కోమల్.

"మ్యాడం..." అన్నారు భోజన్న, మారోతి ఒకేసారి.

"రన్-ఫ్లాటే. నాలుగు చాలు, స్టెప్నీ అవసరం లేదు. సాబ్‌కు నేను చెప్త." ఆమె మారోతి వైపు తిరిగింది. "సాబ్ ఏమన్నడు? మధ్యల ఏడ ఆగొద్దన్నడు. పంచరైతే మామూలు టైరు ఆగుతది. ఇది ఆగది. మంచిదే కదా?"

ఆమె కళ్లద్దాలు ఇప్పుడు భోజన్న వైపు తిరిగాయి. వాటిలో అతనికి తన విగ్గే కనిపించింది, కొంచెం పక్కకు జరిగి.

"భావూ, టైర్లు నేను చెప్పినయి పెట్టు. మిగతా పని నువ్వు ఎట్ల అనుకున్నవో గట్లనే చెయ్యి."

మార్కండేయ సేఠ్ గుమ్మంలోంచి నాలుగు నిమ్మకాయలు తెచ్చి నాలుగు కొత్త చక్రాల కింద పెట్టాడు. మారోతి కారు ముందుకు కదిలించాడు. నిమ్మకాయలు చితికాయి. వెనక కుడి చక్రానికి నల్లటి మూత బిగించి ఉంది.

*

"రన్-ఫ్లాటా?" ఫోన్లో సుమిత్రాబాయి గొంతు పైకి లేచి, కింద శిక్షణ తరగతి గుర్తొచ్చి దిగిపోయింది. "ఆ పిల్ల మర్లవడ్డదా భోజన్నా? వాళ్ల దిక్కు పోయిందా?"

"పోలేదు."

"నీకెట్ల ఎరిక?"

ఎట్ల ఎరికో అతనికీ తెలియదు. "బామ్మర్ది అంటే సమజైంది. మిగతా పని గట్లనే చెయ్యమన్నది."

"చేసి ఏం ఫాయిదా? గాలి పోతది, బండి పోతనే ఉంటది. నర్సీ కాడ శివరాజ్ టాటా చెప్పాలె. లాభం లేదు. నాకా పెడుతున్న."

"నాకా పెడితే పిల్ల సస్తది బాయీ."

అవతల కత్తెర శబ్దం కాసేపు వినిపించి ఆగింది.

"బిలోలి దాక టైమిస్తున్న," అంది ఆమె. "బిలోలి దాటిందంటే నది దారిల నాకా. పిల్ల బతికితే దాని నసీబు."

"వెంట పోనీకి బండి?"

"జీపు రిపేర్ల ఉన్నది. సర్కారు ఎస్టీ బస్సుల పో."

అలా, ఎల్లుండి అన్న రోజు వచ్చేసరికి, దేశంలో ఒక స్పోర్ట్స్ కారును వెంటాడిన మొదటి ఎర్ర బస్సులో భోజన్న కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు.

వేగంలో అతను భయపడినంత తేడా రాలేదు. ఆ కారు నేలకు జానెడెత్తు. రన్-ఫ్లాట్లు రాయిలా గట్టివి. ప్రతి గుంతకూ, ప్రతి స్పీడ్ బ్రేకర్‌కూ మారోతి బ్రేకు కొట్టి, కాలు నొప్పి ఉన్న ముసలమ్మ గడప దాటినట్టు దాటించేవాడు. బస్సుకు ఆ బాధ లేదు. దాన్లో విరగాల్సినవన్నీ ఎప్పుడో విరిగిపోయాయి. అది గుంతల మీదుగా ఎగిరి ప్రతిసారీ కారును అందుకునేది. ఎగిరినప్పుడల్లా భోజన్న నడుం తన అభిప్రాయం చెప్పేది.

నాయగావ్ సంతలో కారు, బస్సు రెండూ ఎడ్లబండ్ల మధ్య ఇరుక్కున్నాయి. ఎర్ర కారు నాలుగు బండ్ల ముందుంది. కోమల్ స్కార్ఫ్ గాలికి ఎగురుతోంది. భోజన్న జేబులో స్కూటర్ తాళం చెవి నొక్కాడు.

ఏమీ జరగలేదు. మళ్లీ నొక్కాడు. మూడోసారి, చెమట పట్టిన వేలితో, పళ్లు బిగించి నొక్కాడు. దూరంగా వెనక కుడి చక్రం బుస్సుమంటూ ఊపిరి వదిలింది. సంత గోలలో ఎవరికీ వినపడలేదు.

టైరు కొంచెం కిందికి జారింది, రెండు కాన్పుల తర్వాత కడుపు జారినంత. అంతే. కారు ఎప్పటిలాగే కదిలి వెళ్లిపోయింది.

నర్సీ వచ్చింది. రోడ్డు పక్క పంచర్ దుకాణం ముందు గ్రీజు పూసుకుని కూర్చున్న శివరాజ్ లేచి నిలబడ్డాడు. ఎర్ర కారు దుమ్ము రేపుకుంటూ అతన్ని దాటిపోయింది. శివరాజ్ మెల్లగా మళ్లీ కూర్చున్నాడు. బస్సు కిటికీలోంచి భోజన్న, శివరాజ్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంత ఖాళీ చూపు ఇద్దరూ ఏ వేషంలోనూ చూడలేదు.

ఇక బిలోలి. ఆ తర్వాత నది. నర్సవ్వకు ఫోన్ ఎవరు చేస్తారు? తనే చేయాలి. పౌడర్ల కంపెనీలో ప్రమాదం జరిగిందని చెప్పాలా?

"ఏమన్న పరేషానా తమ్మీ?" పక్కన కూర్చున్న ముసలావిడ అడిగింది. నాయగావ్‌లో ఎక్కినప్పటి నుంచి తన పేరు రఖమాబాయి అని, ఊరు బిలోలి దగ్గరని, మోకాళ్ల నొప్పులని, కోడలికి వంట రాదని చెప్పేసింది. "మొఖం గట్ల పెట్టినవు?"

"ఏం లేదు అవ్వా. ఆ ఎర్ర కారు చూస్తున్న."

"ఆఁ, ఏమైంది దానికి?"

అప్పుడు భోజన్నకు, ఎండలో, నొప్పిలో, మెదడు ఎక్కడో ఒక పక్కన వెలిగింది. దుకాణంలో మారోతి అన్న మాట, గాలి లేని బండిని గజం దూరం తోలలేదని. కోమల్ ఈ రోడ్డు మీద పుట్టిన పిల్ల. టైరు గాలి లేకుండా ఎనభై కిలోమీటర్లు పోతుంది, సరే. పోనిచ్చేదెవరు?

"అవ్వా," అన్నాడు చాలా మామూలుగా, "దాని ఎనుక టైరుకు గాలి ఉన్నదంటవా?"

రఖమాబాయి కళ్లు చికిలించి కిటికీలోంచి మెడ చాచింది. ఇరవై తొమ్మిదేళ్లలో భోజన్న చేసిన గూఢచర్యమంతా కలిపినా, ఆ ఒక్క ప్రశ్నకు సరిరాలేదు.

"అయ్యయ్యో! గాలే లేదు! ఓ కండక్టరూ, సూడు సూడు, ఆ బండి గాలి పోయింది! పాపం, ఎరికలేకుంట పోతున్నరు!"

కండక్టర్ తలుపులోంచి వేలాడి చూశాడు. టింగుటింగుమని గంట కొట్టాడు. డ్రైవర్ హారన్ మీద చెయ్యి పెట్టి ఇక తీయలేదు. బస్సులో కుడివైపు కూర్చున్నవాళ్లంతా లేచి ఎడమవైపు వచ్చారు. బస్సు ఒక పక్కకు ఒరిగి, పరుగెత్తి, ఎర్ర కారు పక్కకు చేరింది.

"ఓ భావూ! థాంబా! హవా గేలీ!" కండక్టర్ మరాఠీలో అరిచాడు.

"గాలి పోయింది! ఎనుక టైరు!"

"పంచర్! పంచర్ అయ్యిందయ్యా!"

కిటికీల నిండా చేతులు. కారుకు పైకప్పు లేదు కాబట్టి ప్రతి మాటా నేరుగా మారోతి నెత్తిన పడింది. భోజన్న తల కిందికి దించి చెవి మాత్రం పైకి పెట్టాడు.

"ఎరికే! ఎరికే!" మారోతి స్టీరింగ్ వదలకుండా అరిచాడు. "గాలి లేకున్నా నడుస్తది ఇది!"

బస్సంతా నవ్వింది. "ఏందీ? గాలి లేకుంట నడుస్తదా? తాగినవా బిడ్డా?" అంది రఖమాబాయి.

"ఆపకు మారోతీ," అంది కోమల్, అందరికీ వినపడేంత గట్టిగా. "సాబ్ చెప్పిండు, ఆగొద్దని. ఆళ్లకేం తెలుసు? పోనియ్యి."

మారోతి పోనిచ్చాడు. బస్సు వెనకబడింది. అయితే రోడ్డు వెనకబడలేదు. మేకల కాపరి కర్ర ఎత్తి చక్రం వైపు చూపించాడు. ఎదురుగా వస్తున్న లారీ డ్రైవర్, ఒకప్పటి మారోతిలాంటివాడే, లైట్లు కొట్టి తల బయటపెట్టి, "ఉస్తాద్, టైర్ బైఠ్ గయా!" అని, కళ్లు పెద్దవి చేసి చూస్తూ పోయాడు. లూనా మీద పోతున్న ఒక మాస్టారు బండి తిప్పి, గుంతల్లో కారు నెమ్మదించిన ప్రతిచోటా పక్కకొచ్చి, "కొత్త టైరు లెక్కనే ఉన్నది, కోసుకపోతది, పాపం అనిపించి చెప్తున్న," అని మూడుసార్లు చెప్పి, డ్రైవర్ వైపు ఒక చూపు చూసి వెళ్లిపోయాడు. చూపులో ఒక్కటే ఉంది. బండి తోలడం రాదు వీడికి.

ఇరవై ఏళ్లు ట్రక్కు తోలినవాడికి తుపాకీ గుండైనా అంత లోతుగా దిగదు.

బిలోలి చౌరస్తా. నది దారి కుడివైపు తిరుగుతుంది. దూరంగా మంజీర మీద గాలిలో దుమ్ము లేచి ఉంది. హెలికాప్టర్ దిగింది. భోజన్న జేబులో ఫోన్ మోగింది. సుమిత్రాబాయి. ఎత్తలేదు. ఎత్తితే నాకా అంటుంది.

ఎర్ర కారు కుడి ఇండికేటర్ వేసింది. తిరగబోయింది.

సరిగ్గా ఆ మలుపు మూలన పంచర్ దుకాణం ఉంది. దాని ముందు కూర్చున్న మనిషి, ఏ మాటా అనకుండా, గాలి కొట్టే పైపు చేతిలో పట్టుకుని లేచి నిలబడ్డాడు.

ఎర్ర కారు ఆగింది.

*

బస్సు చౌరస్తాలో నిలబడింది. భోజన్న దిగాడు. ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి చొక్కా కింద పిస్తోలు మీద. పరుగెత్తాలి. కానీ నడుం పట్టేసింది. కూరగాయలు కొనడానికి వచ్చినవాడిలా నడిచాడు.

"మారోతీ, ఏం చేస్తున్నవు? ఆలస్యమైతది, సాబ్ తిడుతడు," అంటోంది కోమల్, కారులోంచి.

"జర గాలి కొట్టిస్త మ్యాడం. ఒక్క నిమిషం. గిట్ల పోతే నాకు ఇజ్జత్ లేదు."

పైపు పెట్టారు. గాలి ఇటు నుంచి పోయి అటు నుంచి వచ్చేసింది. పంచర్ మనిషి చక్రాన్ని చుట్టూ చూసి పెదవి విరిచాడు. "గిది విప్పేటానికి నా తాన సామాను లేదు సేఠ్. స్టెప్నీ తియ్యండ్రి."

"స్టెప్నీ లేదు," అన్నాడు మారోతి, ఎవరో చచ్చిపోయిన సంగతి చెప్పినట్టు.

తనే చూడాలనుకున్నాడు. తువ్వాలు నడుముకు చుట్టి చక్రం పక్కన గొంతుక్కూర్చోబోయాడు. నడుములో పిస్తోలు పొట్టలో పొడుచుకుంది. ఇంకోలా కూర్చున్నాడు, అలా కూడా పొడుచుకుంది. అప్పుడు, దారి పొడుగునా తనను ఆగొద్దని పోరుతూ వచ్చిన, సాబ్ మీద అంత భక్తి ఉన్న మ్యాడం తప్ప అక్కడ నమ్మదగ్గ మనిషెవరూ కనిపించలేదు అతనికి. పిస్తోలు తీసి తువ్వాల్లో చుట్టి అందించాడు.

"జర పట్టుకోండ్రి మ్యాడం."

కోమల్ పట్టుకుంది.

మారోతి వాల్వ్ మీదికి వంగాడు. పంచర్ మనిషి విప్పి కింద పెట్టిన నల్లటి మూత తీసుకుని అరచేతిలో తిప్పి చూశాడు. కనుబొమ్మలు దగ్గరికొచ్చాయి. అదే నిమిషంలో అతని జేబులో ఫోన్ మోగింది. ఎత్తి చెవికి పెట్టుకున్నాడు. అవతల విక్టర్ గొంతు, భోజన్న నిలబడ్డచోటికి కూడా గీగీమని వినపడుతోంది. పైలట్‌కు కోమల్ ఫోటో చూపించాడు కాబోలు. మారోతి మూత వైపు చూశాడు. వెనక్కి తిరగకుండా, మెల్లగా, భుజం మీదుగా చెయ్యి చాచాడు.

"మ్యాడం. గది ఇయ్యండ్రి జర."

కోమల్ ఇచ్చింది. గొట్టం అతని వైపు, పిడి తన వైపు.

"లేవకు మారోతీ," అంది. "గట్లనే కూసో. మంచిగ కూసున్నవు."

భోజన్న అప్పటికి చేరుకున్నాడు. ఆయాసపడుతూ పంచర్ దుకాణం గోడకు ఆనుకుని, మేకుకు వేలాడుతున్న పాత ట్యూబు ముక్క తీసి మారోతి చేతులు కట్టాడు. చౌరస్తాలో జనం మూగారు. టైరుకు గాలి లేనందుకు డ్రైవర్‌ను ఇలా కట్టేయడం కొంచెం ఎక్కువే అని బస్సులోంచి రఖమాబాయి అంది.

భోజన్న ఫోన్ తీశాడు. "బాయీ, పిల్ల బయటపడ్డది. కర్బూజలు లేవొచ్చు."

కర్బూజ తోటల్లోంచి పోలీసులు లేచారు. విక్టర్ హెలికాప్టర్ వైపు పరుగెత్తాడట. కానీ ఇసుకలో హెలికాప్టర్ దిగిన కబురు చుట్టుపక్కల ఊళ్లకు పోలీసులకంటే ముందే అంది, అందరూ చూడ్డానికి వచ్చేశారు. రెక్కలు తిప్పాలంటే ముందు వాటి కింద నిలబడి నోరు తెరిచి చూస్తున్న ముసలివాళ్లను జరపాలి. పైలట్ మర్యాదగా చేతులెత్తేశాడు.

*

పోలీసు జీపులో మారోతి, విక్టర్, పైలట్ నిండిపోయారు. చిప్ కోమల్ పౌడర్ డబ్బాలో భద్రంగా ఉంది. నాందేడ్ చేర్చాలి. ఇక మిగిలింది ఎర్ర కారే. మూత మార్చినా గాలి నిలవలేదు, ఆ మూతతోపాటు వాల్వ్ కూడా పోయింది. కోమల్ స్టీరింగ్ పట్టింది. భోజన్న విగ్గు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"కాకా, కోపమా?"

"మామూలువి పెట్టిస్తే నర్సీ కాడ శివరాజ్ చూసుకుంటుండె కదా బిడ్డా. నా పానం సగం పోయింది."

"మామూలు టైరైతే మారోతి పంచర్ దుకాణానికి ఎందుకు పోతడు? స్టెప్నీ ఉంటది. ఏ చెట్టు కిందనో ఆపి, చాయ్ తాగినంత సేపట్ల మార్చి, మల్ల కూసుంటడు. పిస్తోలు నడుముల ఉండంగనే. శివరాజ్ కాకా ఆడ కూసోనే ఉంటుండె." ఆమె మడమల చెప్పులు తీసి వెనక్కి విసిరి, ఒట్టి కాలితో యాక్సిలరేటర్ తొక్కింది. "ఇది నడుస్తది. వాడు నడిపియ్యలేడు. ఎక్కడన్న ఆగుతడని ఎరికే. ఎక్కడో ఎరికలేకుండె, గంతే."

ఆపరేషన్ స్టెప్నీలో స్టెప్నీ గురించి ఆలోచించింది ఈ పిల్ల ఒక్కతే. ఆ మాట సుమిత్రాబాయితో అనకూడదని భోజన్న నిశ్చయించుకున్నాడు. రిపోర్టులో ఏదో ఒకటి రాయొచ్చు.

సాయంత్రం ఎండ మెత్తబడింది. కారు గాలి లేని చక్రంతో నాందేడ్ దారి పట్టింది. గుంత వచ్చినప్పుడల్లా భోజన్న కళ్లు మూసుకున్నాడు. జొన్న చొప్ప మోసుకుపోతున్న ఆడవాళ్లు ఆగి చేతులూపారు. సైకిల్ మీది మనిషి, "గాలి పోయింది!" అని అరిచాడు. తర్వాత ఒక ట్రాక్టరు. తర్వాత ఒక పెళ్లి వ్యాను, మొత్తం వ్యాను.

"నవ్వొస్తున్నది కాకా," అంది కోమల్.

భోజన్నకు రాలేదు. ఒక మోటార్ సైకిల్ పక్కకొచ్చింది. దాని మీద ముగ్గురు. ముగ్గురూ టైరు చూపించి, అతని వైపు జాలిగా చూసి, తలలూపుతూ ముందుకు పోయారు.

"బిడ్డా, ఒక్కపారి పక్కకు ఆపు."

"ఎందుకు కాకా? గాలి లేకున్నా నడుస్తది కదా. నువ్వే అమ్మినవు."

"నాకెరికే. ఆళ్లకెరిక లేదు కదా," అన్నాడు ఆ సీనియర్ ఏజెంట్, నడుం పట్టుకుని డోరు తెరుస్తూ. "జర దిగి చూసినట్టు చేస్త."